చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో (లినక్స్‌లో చెప్పిన వేళకి పనులు నడిపే ప్రోగ్రామ్) పెడితే నడవదు. తప్పెవరిది?

ఉండి_కాలువ:
మా మావయ్య వన్నామీ రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ సెన్సర్లు పెట్టాం. రీడింగ్ 4 కంటే దిగితే ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్ళేలా పైథాన్ స్క్రిప్ట్ రాశాను. షెడ్డులో ఉన్న పాత ఉబుంటు (లినక్స్) పీసీలో, టెర్మినల్‌లో నడిపితే మెసేజ్ టక్కున వస్తుంది. క్రాన్‌టాబ్‌లో (క్రాన్ నడపాల్సిన పనుల జాబితా) పెడితే ఉలుకూ పలుకూ లేదు. సిస్‌లాగ్‌లో (మెషిన్ రాసుకునే చిట్టా) మాత్రం పావుగంటకోసారి నడిచినట్టే ఉంది. నన్నడిగితే తప్పు క్రాన్‌దే. మీరేమంటారు?

డెల్టా_బాబాయ్:
టైమ్‌జోన్. మెషిన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే నువ్వు 3 గంటలకి పెట్టింది మనకి ఉదయం ఎనిమిదిన్నరకి నడుస్తుంది.

ఉండి_కాలువ:
పావుగంటకోసారి అన్నాను కదండీ, ఏ జోన్ అయితే ఏంటి?

డెల్టా_బాబాయ్:
అయినా ఒకసారి టైమ్‌జోన్ చూపించే టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ కొట్టి ఇక్కడ పెట్టు.

గట్టుమీద_టెక్:
తప్పు క్రాన్‌ది కాదు తమ్ముడూ. సిస్‌లాగ్‌లో కనపడేది క్రాన్ ఆ కమాండ్‌ని మొదలుపెట్టిందని మాత్రమే. తర్వాత స్క్రిప్ట్ బతికిందో చచ్చిందో దానికి పట్టదు. నువ్వు లాగిన్ అయినప్పుడు వచ్చే సెట్టింగులేవీ క్రాన్‌కి రావు. పాత్‌లో, అంటే కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితాలో, మామూలుగా యూఎస్ఆర్ బిన్, బిన్ తప్ప ఏమీ ఉండవు. పని మొదలయ్యేది హోమ్ డైరెక్టరీలో, కాబట్టి స్క్రిప్ట్ పక్కనే పెట్టిన ఫైలు దానికి కనపడదు. షెల్ (కమాండ్లు చదివి నడిపేది) కూడా నీ టెర్మినల్‌లో ఉండే బాష్ కాదు, ఎస్‌హెచ్. ఉబుంటులో అంటే డాష్. క్రాన్‌టాబ్ లైన్‌లో % గుర్తు ఉంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేకపోతే లైను అక్కడే తెగుతుంది. ఎర్రర్ వచ్చినా క్రాన్ దాన్ని మెయిల్ చేయాలని చూస్తుంది, మెయిల్ ప్రోగ్రామ్ లేకపోతే పారేస్తుంది. లైను చివర >> పెట్టి లాగ్ ఫైలు పేరు, ఎర్రర్లూ అందులోనే పడేలా 2>&1 పెట్టి చూడు. మెసేజ్ సర్వీసు కీ (పాస్‌వర్డ్ లాంటిది) ఎక్కడ పెట్టావ్?

ఉండి_కాలువ:
బాష్ఆర్‌సీలో, అదే బాష్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైల్లో.

కోనసీమ_కొబ్బరి:
దొరికింది దొంగ 😀 క్రాన్ లైన్‌లో బాష్ఆర్‌సీని సోర్స్ చేసేయండి, అంటే ముందు దాన్ని చదివించేయండి.

గట్టుమీద_టెక్:
పనిచేయదు. డాష్‌కి సోర్స్ అనే కమాండే లేదు, చుక్క పెట్టాలి. పెట్టినా ఉబుంటు బాష్ఆర్‌సీ మొదట్లోనే మనిషి ఎదురుగా లేడని చూసుకుని వెనక్కి తిరుగుతుంది. కీని వేరే ఫైల్లో పెట్టి, పూర్తి దారి ఇచ్చి, స్క్రిప్ట్‌తోనే చదివించాలి.

కోనసీమ_కొబ్బరి:
ఆ మొదటి లైన్లు తీసేస్తే పోలా? మా ఆఫీసులో అలాగే నడుస్తోంది.

గట్టుమీద_టెక్:
మీ ఆఫీసులో రొయ్యలు లేవు కదా.

ఉండి_కాలువ:
వచ్చిందండీ! కీని వేరే ఫైల్లోకి మార్చగానే మెసేజ్ వచ్చింది. ఇంత చిన్న పనికే మీ సెన్సర్ షాపులవాళ్ళు ఏడాదికో ఏఎంసీ (మరమ్మతుల కాంట్రాక్టు) అంటారు. మాకు తెలిసిన ఒకాయన డబ్బు తీసుకున్నాక ఫోనే ఎత్తలేదు.

గట్టుమీద_టెక్:
ఎవడో ఎత్తకపోతే నన్నంటావేంటి? నాదీ సెన్సర్ షాపే, కానీ నేను తెల్లవారుజామున గట్లమీద తిరిగినవాణ్ణి. సరే, ఒకటి చెప్పు. రాత్రి కరెంటు పోతే నీ పీసీ ఏమవుతుంది?

ఉండి_కాలువ:
యూపీఎస్ ఉంది.

గట్టుమీద_టెక్:
రూటర్‌కి?

ఉండి_కాలువ:
...లేదు.

గట్టుమీద_టెక్:
కరెంటు పోగానే ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మెషిన్లు) ఆగుతాయి, నెట్ కూడా పోతుంది. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఉండదు, ఆక్సిజన్ అన్నిటికంటే దిగేది తెల్లారేముందు. సరిగ్గా అప్పుడే నీ మెసేజ్ వెళ్ళదు. మీ మావయ్యేమో మెసేజ్ రాలేదంటే అంతా బాగుందని పడుకుంటాడు. పీసీ ఆగి లేచినా, ఆగినప్పుడు తప్పిపోయినవాటిని క్రాన్ మళ్ళీ నడపదు.

రాత్రికాపు:
ఇంతకీ కాపలా మనిషి ఉన్నాడా?

ఉండి_కాలువ:
సెన్సర్లు వచ్చాక మావయ్య మానిపించాడు. ఆ జీతం మిగులుతుందనే కదా ఇదంతా.

గట్టుమీద_టెక్:
అదీ సంగతి. ఇంతసేపూ క్రాన్ మీద వేశావ్.

ఉండి_కాలువ:
నిర్ణయం నాది కాదండీ! మనిషి కూడా నిద్రపోతాడు, మెషిన్ నిద్రపోదు.

రాత్రికాపు:
నిద్రపోయినా జనరేటర్ ఆగితే లేచేవాళ్ళం. నన్నూ ఇలాగే మానిపించారు.

గట్టుమీద_టెక్:
కనీసం ఊరి బయట సర్వర్‌కి నీ స్క్రిప్ట్ పావుగంటకోసారి "ఉన్నాను" అని చెప్పాలి. ఆ మాట రాకపోతే ఆ సర్వరే మావయ్యకి ఫోన్ చేయాలి, మెసేజ్ కాదు. దానికి నెలనెలా ఖర్చుంటుంది, కట్టమను.

ఉండి_కాలువ:
ఆయన కట్టడు. కరెంటు బిల్లుకే గొణుగుతాడు.

గట్టుమీద_టెక్:
అయితే మనిషిని పెట్టమను. రెండూ వద్దంటే నేను చెప్పేదేం లేదు.

కోనసీమ_కొబ్బరి:
మా మిల్లులో విండోస్‌లో క్రాన్ లాంటి టాస్క్ షెడ్యూలర్ కూడా కరెంటు పోయి యూపీఎస్ మీదికి వెళ్ళగానే పని మొదలుపెట్టడం లేదు, ఎందుకు?

గట్టుమీద_టెక్:
యూపీఎస్‌ని బ్యాటరీ అనుకుంటోంది. కండిషన్స్‌లో ఏసీ పవర్ టిక్కు తీసేయండి. మిగతాది కొత్త థ్రెడ్‌లో అడగండి.