నెట్టీలో (జావా నెట్‌వర్క్ లైబ్రరీ) ట్రాఫిక్ కంట్రోల్, అంటే డేటా వేగానికి లిమిట్ పెట్టే ఫీచర్ రాసి పంపినవాళ్లు ఉన్నారా?

నల్గొండ_జావా: మా దగ్గర ఒక్కో కస్టమర్‌కు ఇరవై ముప్పై కనెక్షన్లు. వాటన్నిటికీ కలిపి ఒకే లిమిట్ కావాలి. నెట్టీలో ఛానల్‌కు (ఒక్కో కనెక్షన్‌కు) ఒకటి ఉంది, గ్లోబల్ ఉంది, రెండూ కలిసినది ఉంది, కానీ గుంపుకు లేదు. రాసి పంపుదామనుకుంటున్నా. ఏ బ్రాంచ్ మీద రాయాలి? టెస్టులు ఎట్లా? సీఎల్ఏ (కోడ్ ఇచ్చేవాళ్ల లైసెన్స్ ఒప్పందం) సంతకం ముందే చేయాలా?

పాలమూరు_కోడర్: ముందు ప్రాజెక్ట్ పేజీలో ఇష్యూ (చర్చ) తెరిచి అడుగు తమ్ముడూ. నేను అడగకుండా వెయ్యి లైన్లు ఒకేసారి పంపిన, ఇంపోర్టుల వరసలు కూడా మార్చిన, చదివే ఓపిక ఎవరికుంటది? కమిట్ మెసేజ్‌లో మోటివేషన్, మాడిఫికేషన్స్, రిజల్ట్ అని మూడు ముక్కలు రాయాలి. నేను 'లిమిట్ ఫిక్స్' అని రాసిన. మూడు నెలల పని పోయింది, ఇప్పటికీ బాధే.

మిర్యాలగూడ_77: అసలు నెట్టీలో రీడ్ లిమిట్ (వచ్చే డేటాకు పెట్టేది) పనిచేయదు. సెకనుకు 1 ఎంబీ పెట్టినా రూటర్ గ్రాఫ్‌లో ఒక్కసారిగా పైకి లేస్తుంది.

దేవరకొండ_నెట్‌వర్క్: తప్పు. అది ఆటోరీడ్ (వచ్చిన డేటాను దానంతటదే చదవడం) ఆపుతుంది, అంతే. తర్వాత కెర్నల్ బఫర్ నిండాలి, టీసీపీ విండో (ఇంకా ఎంత పంపొచ్చో అవతలికి చెప్పేది) మూసుకోవాలి, అప్పుడు అవతలివాడు తగ్గుతాడు. సాగర్ ఎడమ కాలువ మీద షట్టర్ దించితే పైన నీళ్లు వెంటనే ఆగుతాయా?

మిర్యాలగూడ_77: కాలువ సంగతి నాకు చెప్పొద్దు, మాది చివరి భూమి. బిల్లు రూటర్ లెక్క ప్రకారమే వస్తుంది, మీ హ్యాండ్లర్ (లిమిట్ పెట్టే కోడ్ ముక్క) లెక్కతో కాదు. యూడీపీకైతే ఆపమని చెప్పే విండోనే లేదు, బఫర్ నిండితే ప్యాకెట్లు పోతాయి.

దేవరకొండ_నెట్‌వర్క్: యూడీపీ ఎవరడిగారు? నెట్టీ 3 కాలం నుంచి ప్రొడక్షన్‌లో నడుపుతున్నా. సాకెట్ రిసీవ్ బఫర్ తగ్గించి మళ్లీ కొలవండి, ఆ తర్వాత పనిచేయదు అనండి.

మిర్యాలగూడ_77: కొలిచాకే రాశాను. మీరు అనుభవం చెప్తున్నారు, నేను బిల్లు కట్టాను.

సూర్యాపేట_బ్యాకెండ్: రీడ్ గొడవ పక్కన పెట్టండి, నన్ను ముంచింది రైట్ (బయటికి పంపే డేటా) లిమిట్. ఆలస్యం చేసిన రైట్లన్నీ మెమరీలోనే క్యూ కడతాయి. డిఫాల్ట్‌గా 4 ఎంబీ గానీ 4 సెకన్ల ఆలస్యం గానీ దాటితే ఛానల్ రాయడానికి వీల్లేదని చెప్తుంది, మనం ఈజ్‌రైటబుల్ (ఇప్పుడు రాయొచ్చా అని చెప్పేది) చూడకుండా రాస్తూ పోతే హీప్ (జావా మెమరీ) నిండిపోతుంది. రాత్రి రెండింటికి లేచాను, మస్తు టెన్షన్. ఇంకోటి, హ్యాండ్లర్‌ను ఎన్‌కోడర్ (ఆబ్జెక్టులను బైట్లుగా మార్చేది) కంటే అప్లికేషన్ వైపు పెడితే మన సొంత ఆబ్జెక్టుల సైజు దానికి తెలియదు, లిమిట్ ఉన్నా లేనట్టే.

జడ్చర్ల_ఫ్రెషర్: అన్నా, ఇట్లాంటి కాంట్రిబ్యూషన్ ఉంటే ఇంటర్వ్యూలో అడుగుతారా?

పాలమూరు_కోడర్: నన్ను అడిగారు. మెర్జ్ కాని పీఆరే (కోడ్ కలపమని పంపిన రిక్వెస్టే) చూపించిన, దాని మీదే గంట మాట్లాడారు.

సూర్యాపేట_బ్యాకెండ్: నల్గొండ తమ్ముడూ, కొత్త ఫీచర్ ఎందుకు? గ్లోబల్ అంటే సర్వర్ మొత్తానికి అని కాదు, ఆ ఒక్క ఇన్‌స్టెన్స్‌ను పంచుకున్న ఛానళ్లన్నిటికీ అని. కస్టమర్‌కు ఒక ఇన్‌స్టెన్స్ చేసి, లాగిన్ అయ్యాక ఆ కనెక్షన్ పైప్‌లైన్‌లో (హ్యాండ్లర్ల వరసలో) ఎక్కించు. ఒక్కో ఛానల్‌కు ఉన్న లిమిట్ హ్యాండ్లర్‌ను మాత్రం ఎప్పుడూ పంచుకోవద్దు.

నల్గొండ_జావా: అక్కా, ఇప్పుడే పెట్టి చూశా, లిమిట్ సరిగ్గా పడింది. చివరి కనెక్షన్ పోయాక రిలీజ్ పిలవకపోతే కౌంటర్ తిరుగుతూనే ఉంటుంది, ఆ లెక్క చూసుకునే చిన్న క్లాస్ రాసి ముందు ఇష్యూలో అడుగుతా. సీఎల్ఏ సంగతి ఎవరైనా చెప్పండి.