సమస్య: తండ్రి కెరవేసి పట్టెను దనయుఁ డొకఁడు

నిర్వాహకుడు (బరంపురం): నిన్న గోపాలపురం ఒడ్డున నడుస్తుంటే తట్టిన పాదం ఇది. తండ్రికే ఎర వేసిన ఆ కొడుకు ఎవడో, వాడికి ఏం చిక్కిందో, పై మూడు పాదాలూ రాసి మీరే తేల్చండి. గడువు ఆదివారం రాత్రి.

పర్లాకిమిడి తాతగారు:

గద్దె విడి పెండ్లి విడి మత్స్యగంధి కొఱకు
దాశరాజున కిచ్చిన దారుణంపు
బాస దేవవ్రతుని చేత బడిశము గద!
తండ్రి కెరవేసి పట్టెను దనయుఁ డొకఁడు

బడిశమంటే గాలం. తండ్రి కోసం ఎర వేసిన కొడుకంటే భీష్ముడే. పైగా పట్టింది మత్స్యగంధిని. ఇక దీనికి వేరే పూరణం అక్కర్లేదనుకుంటా.

రాయగడ పంతులు: అక్కర్లేదని మీరే తేల్చేస్తే ఎలా తాతగారూ? 'దేవవ్రతు' దగ్గర గణం చెడింది. వ్ర ముందున్న వ గురువు, అక్కడ భగణం (గురువు, రెండు లఘువులు) ఎలా కుదురుతుంది?

జయపురం టీచరమ్మ: వ గురువే పంతులుగారూ, అందుకే 'దేవవ్ర' తగణమైంది (రెండు గురువులు, లఘువు), అదీ ఇక్కడ చెల్లే ఇంద్రగణమే. పాదం శుభ్రంగా నడిచింది. తాతగారి పద్యమనగానే మీరు తప్పు వెతకడంతోనే మొదలుపెడతారు. రాజ్యాన్నీ పెళ్లినీ ఎరగా వేశాడన్న ఊహ నాకు చాలా నచ్చింది.

రాయగడ పంతులు: సరే, గణం వదిలేశాను. కానీ కిందటిసారి రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో తాబేళ్లు ఆషాఢంలో గుడ్లు పెట్టినట్టు రాసింది ఈయనే కదా? దానికి మీరంతా భేష్ అన్నారు!

పర్లాకిమిడి తాతగారు: ఆ పద్యంలో తాబేలు కూర్మావతారం బాబూ, ఆయనకి నెలా తిథీ ఏమిటి?

గోపాలపురం అబ్బాయి: అవతారం సంగతి నాకు తెలీదు గానీ, మా దగ్గర తాబేళ్లు ఒడ్డెక్కేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వాటి కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర సముద్రంలో వేట బంద్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఎలాగూ కదలవు. ఆషాఢం వచ్చేసరికి మావాళ్లు వలలు సర్దుకుని నీళ్లలోకి దిగే హడావుడిలో ఉంటారు. పంతులుగారు చెప్పిందే రైటు.

గుణుపురం: మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. నా పూరణం:

చూపు మందగించిన వేళ సూదిమొనకు
వానపామునుఁ దాఁ గ్రుచ్చి వంశధార
చెంత నాదివారమునాఁడు చేపకొఱకు
తండ్రి కెరవేసి పట్టెను దనయుఁ డొకఁడు

ఇది మా ఇంటి సంగతే. నాన్నకి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏటి ఒడ్డున కూర్చునే తీరిక దొరకలేదు, రిటైరయ్యాక ఈ ఏడే ఇద్దరం మొదలుపెట్టాం. ఆదివారమైతే ఫోన్లు ఇంట్లో పెట్టేసి బయల్దేరతాం. బెండు ఆయనే కడతారు, నెమలీక కాడతో. కళ్లు సరిగా ఆనక గాలానికి వానపాముని గుచ్చలేకపోతున్నారు, ఆ పని నాది. చిన్న చేప పడితే మళ్లీ నీళ్లలోకి వదిలేయాలన్నది నాన్న పెట్టిన రూలు. పెద్దది పడితే ఇంటికి తెస్తాం, అమ్మ ఆవ నూరి పులుసు పెడుతుంది. మా అబ్బాయికి ఈసారి సెలవులివ్వగానే వాణ్ణీ కూర్చోబెట్టాలని ఉంది, ఈ ఆదివారాలు మా ఇంట్లో ఇలాగే సాగాలి.

పర్లాకిమిడి తాతగారు: విషయం బాగుంది. కానీ గాలాన్ని సూది అంటారా ఎవరైనా? యతి కోసం, 'చూ'కి 'సూ' కలపడానికి తెచ్చిపెట్టిన సూది అది.

జయపురం టీచరమ్మ: అన్నది సూదిమొన, సూది కాదు. చూపు ఆననివాడికి గాలం కొన అంత సన్నంగానే కనిపిస్తుంది. నా దృష్టిలో పద్యమంతా ఆ మాట మీదే నిలబడింది, దాన్ని ముట్టుకోవద్దు. అసలు చిక్కు మూడో పాదం చివర ఉంది. 'కొఱకు' ద్రుతాంతం (చివర నకారం దాగిన మాట), దాని మీద 'తండ్రి' 'దండ్రి' కావాలి, అప్పుడు ఇచ్చిన పాదమే మారిపోతుంది. పైగా ఏం పట్టాడో చెప్పనే లేదు.

నిర్వాహకుడు (బరంపురం): 'చేపకొఱకు' తీసేసి 'చేప నొకటి' అంటే రెండూ తీరిపోతాయి. ద్రుతం గొడవ ఉండదు, పట్టెను అన్నదానికి కర్మ దొరుకుతుంది. తాతగారూ, మీ భీష్ముడి పద్యం గొప్పదే, కాదనను. అయినా ఈ వారం నా ఓటు గుణుపురానికి. సమస్యలో తండ్రి మోసపోయాడేమో అనిపిస్తుంది, ఈ పద్యంలో ఆ అనుమానం పురాణం జోలికి పోకుండానే తీరిపోయింది.

గుణుపురం: 'చేప నొకటి' అని మార్చేశాను. నాన్నకి చదివి వినిపిస్తే, ఏ చేపో కూడా రాయమంటున్నారు. జెల్లలు బాగానే పడుతున్నాయి, కొర్రమీను మాత్రం ఇంకా చిక్కలేదు.

గోపాలపురం అబ్బాయి: కొర్రమీనుకి వానపాము చాలదన్నా, చిన్న కప్పని కట్టి చూడండి. జెల్లని గాలం నుంచి తీసేటప్పుడు పక్కముళ్లు జాగ్రత్త, నాన్నగారిని తియ్యనివ్వకండి.

పర్లాకిమిడి తాతగారు: కప్ప వేస్తే రెండో పాదం మళ్లీ రాయాలి. వానపాము పోతే వంశధారకి యతి ఎక్కణ్ణించి తెస్తారో చూస్తా.