టెక్సస్‌లోని ఫ్రిస్కోకు కొత్తగా వచ్చాం: ఆరేళ్ల బాబుకు ఇంట్లోనే చదువు ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మేము ఒంగోలు నుంచి మార్చిలో ఇక్కడికి వచ్చాం. మా వారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్4 వీసా. బాబుకు ఆగస్టులో ఆరేళ్లు నిండుతాయి, పాపకు నాలుగేళ్లు. వాక్యం, తెలుగు రెండూ చిన్నతనంలోనే అబ్బాలని పిల్లలను ఇంట్లో చదివించాలనుకుంటున్నాం. అనుమతి ఎక్కడ తీసుకోవాలి? ఏ పుస్తకాల సెట్టు కొనాలి? రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి? మా అత్తయ్య, మామయ్య మాత్రం పిల్లవాడిని బడికి పంపకపోవడమేమిటని చాలా బాధపడుతున్నారు.

ప్లేనో నుంచి ఒక అక్క జవాబు:

చెల్లీ, వందనాలు. మీరు అడగనిది ముందు చెబుతాను. డ్రైవింగ్ లైసెన్సు ఇంకా లేకపోతే మొదట అది తీసుకోండి, పుస్తకాల సంగతి ఆ తర్వాత చూద్దాం. డాలస్ ప్రాంతంలో తిరిగే డార్ట్ రైలు ఫ్రిస్కోకు రాదు. గ్రంథాలయానికైనా, పార్కుకైనా, తోటి కుటుంబాలు కలిసే చోటికైనా కారే దిక్కు. మధ్యలో విరమించుకున్న తల్లులను కొందరిని ఎరుగుదును. వాళ్లు పాఠాలు చెప్పలేక మానలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంకో పెద్ద మనిషితో నోరారా మాట్లాడే వీలు లేక కుంగిపోయారు. మీకు అలా జరగకూడదని నా కోరిక.

చట్టం గురించి భయం వద్దు. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడిగా పరిగణిస్తారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో దీన్ని ఖాయం చేసింది. సెప్టెంబరు 1 నాటికి ఆరేళ్లు నిండితే చదువు తప్పనిసరి కాబట్టి మీ బాబుకు ఈ ఏడాది నుంచే వర్తిస్తుంది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నిజాయతీగా నేర్పాలి. నమోదు లేదు, రాష్ట్రం పెట్టే పరీక్ష లేదు, ఇన్ని గంటలన్న లెక్క లేదు. ప్రభుత్వ బడిలో ఇంతవరకు చేర్పించకపోతే ఎవరికీ ఏమీ రాయనక్కరలేదు. చేర్పించి ఉంటే మాత్రం, ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నామని బడికి లిఖితపూర్వకంగా తెలిపి, నకలు దాచుకోండి.

ఆరేళ్ల పిల్లవాడికి కూర్చుని చేసే పని రోజుకు గంటన్నర చాలు. నమ్మబుద్ధి కాదని తెలుసు, మనం పెరిగిన తీరు అలాంటిది. కానీ ముప్పై మంది ఉన్న తరగతిలో హాజరుకు, వరుసలకు, నిశ్శబ్దానికి పోయే సమయం ఇంట్లో పోదు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే విద్యావేత్త వందేళ్ల కిందటే చిన్నపిల్లలకు పొట్టి పాఠాలే మేలని చెప్పారు. విన్న కథను పిల్లవాడి చేత సొంత మాటల్లో తిరిగి చెప్పించడం కూడా ఆమె పద్ధతే. బైబిలు కథలకు అది చక్కగా సరిపోతుంది. దావీదు కథ చదివి ప్రశ్నలు వేయకండి, చెప్పమని ఊరుకోండి. ఏది మనసుకు తగిలిందో వాడే చెబుతాడు.

మా ఇంట్లో ఉదయం టిఫిను బల్ల దగ్గరే కుటుంబ ప్రార్థన, ఒక కీర్తన, ఒక వాక్యం. వెంటనే లెక్కలు, తర్వాత ఇంగ్లీషు అక్షరాల ధ్వనులు. పాపను పక్కన పెట్టి బాబుకు చెప్పాలని చూడకండి, కుదరదు. పప్పు గింజలూ రెండు గిన్నెలూ ఇచ్చి బల్ల దగ్గరే కూర్చోబెట్టండి. తెలుగు చదవడం వచ్చాక 117వ కీర్తనతో మొదలుపెట్టండి. రెండే వచనాలు కాబట్టి ఒక అధ్యాయం పూర్తిగా చదివానన్న సంతోషం పిల్లవాడికి దక్కుతుంది. పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, మామూలు మాటల్లో చెప్పించండి.

పెద్ద సెట్టు ఇప్పుడే కొనకండి. ఒక లెక్కల పుస్తకం, అక్షరాల ధ్వనులు నేర్పే ఒక ఫోనిక్స్ పుస్తకం చాలు. మిగతావన్నీ ఫ్రిస్కో గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. అక్కడి పెద్ద డైనోసార్ నమూనా చూశాక మీ బాబే పుస్తకాలు అడుగుతాడు.

కుటుంబాలు వారానికోసారి కలిసి పిల్లలకు పాఠాలు చెప్పుకునే బృందాలను ఇక్కడ కో-ఆప్ అంటారు. క్రైస్తవ కో-ఆప్‌లు చాలా వాటిలో విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతారు. బాప్తిస్మం గురించో, సృష్టి గురించో మీ సంఘం నమ్మేదానికి తేడాగా రాసి ఉండవచ్చు. ఇంట్లో ఇద్దరూ కలిసి చదివాకే చేయండి. ఇంకొకటి: పని అనుమతి లేని హెచ్4 మీద ఉండి ఇతరుల పిల్లలకు డబ్బు తీసుకుని పాఠాలు చెప్పకూడదు. పాఠాలు చెబితే ఫీజు మాఫీ చేస్తామన్నా ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

మీ అత్తమామల బాధను తేలిగ్గా తీసుకోకండి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో అడుగుపెట్టాక, అక్షరం దగ్గరికి ఎవరూ రానివ్వని కుటుంబాలకు మిషన్ బడి తలుపు తెరిచింది. మన ముందు తరాలు ఆ తలుపులోంచే ఉద్యోగాలకు వెళ్లాయి. బడికి పంపడం లేదంటే వాళ్లకు గుండె గుబేలుమనడం సహజం. అందుకే తెలుగు పాఠం వాళ్లకే అప్పగించండి. వేసవిలో ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర అయితే ఒంగోలులో రాత్రి ఏడు. తాతయ్య వీడియో కాల్‌లో గుణింతాలు దిద్దిస్తే ఆయనకు మనవడి చదువు కళ్లారా కనిపిస్తుంది, మీకు అరగంట ఊపిరి దొరుకుతుంది.

అర్వింగ్ నుంచి ఒక సోదరుడు:

అక్క చెప్పినవి అక్షరాలా నిజం. బాబు తండ్రిగారికి రెండు మాటలు. ఉద్యోగం చేస్తున్నాను కదా అని చదువంతా ఆమె మీద వదిలేయకండి. నేను రాత్రి భోజనం తర్వాత సైన్సు చెబుతాను, శనివారం ఉదయం పిల్లలు పూర్తిగా నా బాధ్యత. ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రం వెళ్లాల్సి వస్తే, ఒప్పుకునే ముందు అక్కడి నిబంధనలు చూడండి. న్యూయార్క్‌లో ఏటా బోధన ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో 180 రోజుల చదువు, పిల్లల పనితో పోర్ట్‌ఫోలియో, ఏడాది చివర మూల్యాంకనం ఉంటాయి. టెక్సస్‌లో ఎవరూ అడగకపోయినా చదివిన పుస్తకాల పేర్లు, రాతపనుల నమూనాలు తేదీలతో ఒక ఫైలులో పెట్టుకోండి. వీసా కుదరక ఇండియా తిరిగి వెళ్లినా అదే పనికొస్తుంది. అక్కడ చాలా ప్రైవేటు బడులు తామే పరీక్ష పెట్టి తరగతి నిర్ణయిస్తాయి. ఇంటి చదువే కొనసాగించాలంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌లో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి.

ఫ్రిస్కోలో మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు శుక్రవారాలు పార్కులో కలుస్తాయి. లైసెన్సు వచ్చేదాకా మా ఆవిడ వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తానంటోంది. పాపకు కారు సీటు ఉందో లేదో మాత్రం చెప్పండి.