నీరక్షీర... "వివేకే"నా, "విభాగే"నా?

నీలిమబ్బు:
అందరికీ నమస్కారం. పాలు విరిచాక మిగిలే తేటలోంచి ప్రోటీన్ రాబట్టడం మీద ఒక సైన్సు వ్యాసం రాస్తున్నాను. మెంబ్రేన్ (సన్నని రంధ్రాల పొర) వడపోత ఒక్కటే సరిపోని చోట, ప్రోటీన్‌ని తమ మీదికి పట్టుకునే రెజిన్ పూసలు కూడా వాడతారు. శీర్షికకి హంస, కొంగ శ్లోకంలో ముక్క పెడదామని ఉంది. "హంసః శ్వేతో బకః శ్వేతః కో భేదో బకహంసయోః" (హంసా తెలుపే, కొంగా తెలుపే, రెండింటికీ తేడా ఏమిటి) దాకా వచ్చింది. మూడో పాదం "నీరక్షీరవివేకే తు" అనా, "విభాగే తు" అనా? రెండూ నోటికొస్తున్నాయి.

తాటాకు:
వివేకే. ఇందులో చర్చకేముంది?

మిరపమొక్క:
ఉంది మాస్టారూ. నేను "విభాగే" అని అచ్చులోనే చూశాను. ఛందస్సు కూడా తేల్చదు. అనుష్టుప్పులో ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు కావాలి. వి-వే అన్నా వి-భా అన్నా సరిపోతుంది. కర్త ఎవరో తెలియని చాటువు కాబట్టి మూలం చూద్దామన్నా కుదరదు.

తాటాకు:
ఛందస్సు తేల్చకపోతే అర్థం తేలుస్తుంది. విభాగం అంటే పంచడం. నీళ్లు ఒక పక్కకి, పాలు ఒక పక్కకి. అది ఏ జల్లెడైనా చేస్తుంది. వివేకం అంటే ఏది ఏదో తెలిసి విడదీయడం. హంస గొప్ప అదే కదా.

నీలిమబ్బు:
అబ్బ, నా వ్యాసానికి భలే పనికొస్తుందండీ ఇది! మెంబ్రేన్ చేసేది విభాగం, పూస చేసేది వివేకం. తేటలో లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఖరీదైనది, చాలా కొద్దిగా ఉంటుంది. దాని అణువు బరువు సుమారు 80 కిలోడాల్టన్లు (అణువుల బరువుకి వాడే కొలమానం). పక్కనే సీరమ్ ఆల్బుమిన్, 66. రంధ్రం సైజుతో ఈ రెండింటినీ విడదీయడం అయ్యే పని కాదు. కానీ రెన్నెట్‌తో (చీజ్ కోసం పాలు విరిచే ఎంజైమ్) విరిచిన తేటలో పీహెచ్ 6 దాటి ఉంటుంది. అక్కడ ఆల్బుమిన్‌తో సహా దాదాపు అన్నిటికీ ఋణావేశం, లాక్టోఫెర్రిన్‌కి ధనావేశం. ఋణావేశం ఉన్న పూస వేస్తే దాన్నే పట్టుకుంటుంది. తర్వాత ఉప్పునీళ్లతో కడిగితే వదిలేస్తుంది. ఆ ఉప్పుని మళ్లీ మెంబ్రేన్‌తో తీసేస్తారు. రెండు పక్షులూ తెల్లనివే, తేడా ఇంకెక్కడో ఉంది. శ్లోకం అచ్చం ఇదే!

మిరపమొక్క:
వ్యాసం సంగతి మీకే తెలియాలి గానీ, తాటాకు గారి వ్యుత్పత్తి నిలవదు. వివేకంలో ఉన్నది "విచిర్ పృథగ్భావే" అనే ధాతువు. అంటే వేరు చేయడమే. తెలివి అనే అర్థం తర్వాత ఎక్కింది. ధాతువు దగ్గరికి వెళితే మీ రెండు పాఠాలకీ తేడా లేదు.

తాటాకు:
ధాతువుతో పద్యం చదవం కదండీ. వాడుకతో చదువుతాం.

సంపెంగ:
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. అసలు ఆ "క్షీరం" పాలు కాదనీ, తామరతూడులో కారే తెల్లటి రసమనీ ఒక వాదం ఉంది. నీళ్లలోంచి తూడు పెరుక్కుని తినే పక్షికి ఆ పేరు రావడం సహజమే. మా సంస్కృతం మాస్టారు మాత్రం ఇంకోటి చెప్పేవారు. హంస నోట్లో పులుపు ఉంటుందట. ముక్కు పెట్టగానే పాలు విరిగి, గడ్డ తిని నీళ్లు వదిలేస్తుందట.

నీలిమబ్బు:
సంపెంగ గారూ, అదే నిజమైతే హంస నష్టపోయింది! ఆవుపాల ప్రోటీన్‌లో 80 శాతం కేసీన్, పులుపు తగిలితే గడ్డకట్టేది అదొక్కటే. మిగతా 20 శాతం తేటలోనే కరిగి ఉంటుంది. అంటే మన హంస "నీరం" అని వదిలేసిన దాంట్లో అయిదో వంతు ప్రోటీన్ పోయింది. నా వ్యాసమంతా దాన్ని వెనక్కి తెచ్చుకోవడం గురించే.

గోదారిగట్టు:
పచ్చిపాలకైతే సరే. మనం పనీరుకి పాలు మరగకాచి విరుస్తాం. ఆ వేడికి తేటలో ఉండాల్సిన ప్రోటీన్లు చాలావరకు చెడి కేసీన్‌కే అంటుకుంటాయి, గడ్డలోకే వచ్చేస్తాయి. ఇంకోటి, నిమ్మరసంతో విరిచిన తేట పుల్లన. పీహెచ్ 4.6 దగ్గరకొస్తే బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ఇంకో తేట ప్రోటీన్ కూడా ధనావేశంలోకి దిగుతుంది, పూసల మీద చోటు కోసం పోటీ పడుతుంది. అప్పుడు మీ పూసకి అంత వివేకం ఉండదు. ఏ తేటో వ్యాసంలో చెప్పండి.

తాటాకు:
చూశారా, వివేకానికి కూడా సమయసందర్భాలుంటాయి. విభాగానికి ఆ బాధ లేదు.

గోదారిగట్టు:
ఎందుకు లేదు? మెంబ్రేన్ ఉపరితలానికే ప్రోటీన్ అంటుకుని రంధ్రాలు పూడిపోతాయి, ధార తగ్గిపోతుంది. క్షారంతో కడుక్కోవాలి. పూస మీద అంటితే లాభం, మెంబ్రేన్ మీద అంటితే తలనొప్పి. రెండింటికీ పుస్తకాల్లో మాట ఒకటే, అధిశోషణం.

సంపెంగ:
ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మంట. శోషణం అంటే ఎండిపోవడం. పైకి ఎండిపోవడం ఏమిటండీ? "పైపట్టు" అంటే పిల్లలకి కూడా తెలుస్తుంది.

మిరపమొక్క:
పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన మాట, కదలదు. "పైపట్టు" వినడానికి మల్లయుద్ధంలా ఉంది. పోనీ, శీర్షికకి సంస్కృతమే ఎందుకు? వేమన లేడా? "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు." రెండూ తెల్లనివే, తేడా రుచిలో. పైగా ఉప్పు మీ ప్రక్రియలో నిజంగానే ఉంది.

తాటాకు:
అబ్బో, ఇది మాత్రం ఒప్పుకున్నాను. హంసని ఎవరూ చూడలేదు, ఉప్పుని అందరూ చూశారు. "చూడ చూడ రుచుల జాడ వేరయా." ఎంత సులువుగా చెప్పాడు!

మిరపమొక్క:
"వేరు". వేరయా కాదు.

తాటాకు:
మేం చిన్నప్పటి నుంచీ "వేరయా" అనే చదువుకున్నాం.

మిరపమొక్క:
ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే కావాలి. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. "వేరయా" అంటే రగణం, అది ఇంద్రగణం. దాని చోటు మూడో పాదం చివర, "పుణ్యపురుషులు వేరయా" దగ్గర. అక్కడి రాగం ఇక్కడికి పాకింది.

నీలిమబ్బు:
శ్లోకంలో మూడో పాదం గురించి ఇంకా ఎవరూ...

తాటాకు:
ఆగండమ్మా, ఒక్క నిమిషం. మిరపమొక్క గారూ, పాడేటప్పుడు "వేరయా" అని సాగదీస్తాం కదా, దాన్ని కూడా తప్పంటారా?