లోపలి ఆబ్జెక్టులన్నిటినీ డీప్ కాపీ చేయాల్సిందేనా?

నీలిమేఘం:
మా ప్రాజెక్టులో ఆర్డర్ అనే క్లాస్ ఉంది. అందులో ఐటమ్‌ల లిస్టు, అడ్రస్, కస్టమర్ ఆబ్జెక్టు ఉంటాయి. పాత ఆర్డర్‌ను కాపీ చేసి కొత్తది తయారుచేస్తాం. ఇప్పుడున్నది షాలో కాపీ (పై ఆబ్జెక్టు మాత్రమే కొత్తది, లోపలివి పాతదానితో పంచుకునేవే) కాబట్టి, కొత్తదాంట్లో ఒక ఐటమ్ తీసేస్తే పాతదాంట్లోనూ పోతోంది. అన్ని క్లాసులకూ కలిపి ఒకే డీప్ కాపీ ఫంక్షన్ (లోపలి ఆబ్జెక్టులను కూడా కొత్తగా తయారుచేసేది) పెట్టేద్దామని టీమ్‌లో కొందరి వాదన. మీరేమంటారు?

హీప్‌మిత్ర:
పెట్టేయండి. క్లాస్ క్లాస్‌కూ చేత్తో రాసుకుంటూ పోతే, రేపు ఎవరో కొత్త ఫీల్డ్ చేర్చి కాపీలో మరిచిపోతారు. పైథాన్ డీప్‌కాపీ చూడండి: కాపీ చేసిన ప్రతి ఆబ్జెక్టునూ మెమో అనే డిక్షనరీలో గుర్తుపెట్టుకుంటుంది. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి చూపించుకున్నా అనంతంగా తిరగదు.

బైట్‌బాటసారి:
హీప్‌మిత్ర గారూ, ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. మెమో వల్ల లూప్ ఆగుతుంది గానీ, కాపీ ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

ఆర్డర్‌లో కస్టమర్ ఉన్నాడు. కస్టమర్‌లో అతని ఆర్డర్లన్నిటి లిస్టు ఉందనుకోండి. ఒక్క ఆర్డర్‌ను కాపీ చేయబోతే ఆ కస్టమర్ పాత ఆర్డర్లన్నీ మళ్లీ పుడతాయి. మెమరీ సంగతి అలా ఉంచండి. ఒకే ఐడీతో ఇద్దరు కస్టమర్లు తయారవుతారు. ఒకరి ఫోన్ నంబర్ మారిస్తే రెండోవారిది పాతదే ఉంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనపడదు. నాకు భయం అక్కడే. అదే లోపల థ్రెడ్ లాక్ (ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే అనుమతించే తాళం) ఉంటే పైథాన్ వెంటనే టైప్‌ఎర్రర్ ఇస్తుంది, అది నయం.

ఐటమ్‌ల లిస్టు ఆర్డర్ సొంతం. ఆర్డర్ పోతే అదీ పోతుంది, కాబట్టి లిస్టునూ అందులోని ఐటమ్‌లనూ కాపీ చేయాలి. కస్టమర్ ఆర్డర్‌కు సొంతం కాదు, రిఫరెన్స్ (అదే ఆబ్జెక్టును చూపించే సూచిక) చాలు. అడ్రస్ ఇమ్యూటబుల్ (తయారయ్యాక మార్చలేనిది) అయితే దాన్నీ పంచుకోవచ్చు. ఈ తేడా క్లాస్ రాసినవారికే తెలుసు, జెనరిక్ ఫంక్షన్‌కు ఎలా తెలుస్తుంది? సీషార్ప్‌లో ఐక్లోనబుల్‌తో (తనను కాపీ చేసుకోవచ్చని క్లాస్ ప్రకటించే ఇంటర్‌ఫేస్) వచ్చిన చిక్కూ ఇదే. క్లోన్ అంటే డీపో షాలోనో ఆ ఇంటర్‌ఫేస్ చెప్పదు.

హీప్‌మిత్ర:
సొంతం, అరువు అన్న తేడా ఒప్పుకుంటాను. కానీ ఫీల్డ్ మరిచిపోవడం గురించి మీరు జవాబివ్వలేదు.

బైట్‌బాటసారి:
నిజమే, అది గట్టి అభ్యంతరం. జావాలో అయితే ఫీల్డ్స్‌ను ఫైనల్ (ఒక్కసారే విలువ పెట్టగలిగేవి) చేయండి, పాత ఆబ్జెక్టు నుంచి కొత్తది కట్టే కాపీ కన్‌స్ట్రక్టర్‌లో ఒకటి వదిలేసినా కంపైల్ కాదు. ఫైనల్ చేయలేనివాటికి టెస్టు రాయక తప్పదు.

కొత్తకెరటం:
జావాస్క్రిప్ట్‌లో జేసన్‌గా (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) మార్చి వెనక్కి తెస్తే సరిపోదా అండీ?

హీప్‌మిత్ర:
వద్దు. తేదీలు స్ట్రింగులైపోతాయి, అన్‌డిఫైన్డ్ ఉన్న ఫీల్డ్స్ మాయమవుతాయి, సైకిల్ (ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి చూపించుకోవడం) ఉంటే ఎర్రర్. స్ట్రక్చర్డ్‌క్లోన్ (జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న డీప్ కాపీ ఫంక్షన్) తేదీలనూ సైకిల్స్‌నూ సరిగ్గా చూసుకుంటుంది. కానీ మీ క్లాస్ ఆబ్జెక్టు మామూలు ఆబ్జెక్టుగా తిరిగొస్తుంది, మెథడ్స్ ఉండవు.

నీలిమేఘం:
ఇంకొక్కటి. ఐటమ్‌లో ప్రొడక్ట్ ఆబ్జెక్టు ఉంది, ధర అందులోనే ఉంది. ప్రొడక్ట్‌ను పంచుకుంటే, రేపు ధర మారినప్పుడు పాత ఆర్డర్ బిల్లు మొత్తం కూడా మారిపోతుందిగా?

బైట్‌బాటసారి:
మారిపోతుంది, కానీ దానికోసం ప్రొడక్ట్‌ను డీప్ కాపీ చేయకండి. ఆర్డర్ పెట్టినప్పటి ధర ఐటమ్‌కు చెందినది. దాన్ని ఐటమ్‌లోనే ఒక ఫీల్డ్‌గా పెట్టి, ప్రొడక్ట్‌కు రిఫరెన్స్ మాత్రం ఉంచండి. పాత ఆర్డర్ నుంచి కొత్తది తయారుచేసేటప్పుడు ఆ ఫీల్డ్‌ను కాపీ చేయాలా, ఇవాళ్టి ధరతో నింపాలా అన్నది మీ బిజినెస్ టీమ్‌ను అడిగి తేల్చుకోండి.