జడ్పీ నుంచి లోక్‌సభకు: కింది పదవి చేసినవాళ్లకే ఎంపీ టికెట్ ఇవ్వాలా?

గౌతమి ఒడ్డు:

ప్రతి లోక్‌సభ ఎన్నికల ముందూ ఇదే తంతు. పార్టీల జాబితా వస్తుంది. అందులో కొన్ని పేర్లు ఆ నియోజకవర్గంలో అప్పటిదాకా ఎవరూ విననివి. వాళ్లకు ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల పేర్లు వరసగా చెప్పడం కూడా ప్రచారం మొదలయ్యాకే వస్తుంది. సర్పంచ్‌గానో, ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడు)గానో, కార్పొరేటర్‌గానో, జడ్పీ (జిల్లా పరిషత్) చైర్మన్‌గానో ఒక్క టర్మ్ అయినా చేసినవాళ్లకే పార్టీలు ఎంపీ టికెట్ ఇవ్వాలని నా అభిప్రాయం.

మా కోనసీమ నుంచే ఉదాహరణ చెబుతాను. జీఎంసీ బాలయోగి గారు. యానాం ఎదురుగా గోదావరి ఇవతల ఉన్న ఎదుర్లంక ఊరివాడు. లా చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు, మేజిస్ట్రేట్ అయ్యారు, ఆ ఉద్యోగం వదిలేశారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజా పరిషత్ చైర్మన్. 1991లో అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయారు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో ఎమ్మెల్యేగా గెలిచి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ ఎంపీ, ఆ మార్చిలోనే లోక్‌సభ స్పీకర్. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే.

ఇప్పటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. 1986 మండల చట్టం ప్రకారం జడ్పీ చైర్మన్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. జిల్లా మొత్తం ఓటు వేసింది. అప్పటి తూర్పుగోదావరి అంటే దాదాపు మూడు లోక్‌సభ స్థానాలంత జిల్లా. అంటే ఆయన ఎంపీ కాకముందే ఎంపీ నియోజకవర్గం కంటే పెద్ద చోట ఓటు అడిగి గెలిచారు. ఢిల్లీ వెళ్లేసరికి తునిలో ఏం కావాలో, రాజోలులో ఏం కావాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాజ్యాంగం చదివినవాడు:

బాలయోగి గారంటే నాకూ గౌరవమే. కానీ ఒక్కరిని చూపించి రూలు పెట్టేస్తే ఎలా? జైపాల్ రెడ్డి గారు ఏ పంచాయతీ పదవి చేశారు? విద్యార్థి రాజకీయాల నుంచి వచ్చి 1969లో కల్వకుర్తి ఎమ్మెల్యే, 1984లో ఎంపీ. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు అందుకున్నారు. ఎన్.జి. రంగా గారు రైతు ఉద్యమం నుంచి వచ్చారు. సుందరయ్య గారు 1952లో రాజ్యసభకు వెళ్లింది కమ్యూనిస్టు ఉద్యమం నుంచి, సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లేవారు. మీ రూలు ఉంటే ఈ ముగ్గురికీ టికెట్ లేదు.

అసలు ఎంపీ పని ఏమిటి? చట్టం చదవడం, సవరణలు ఇవ్వడం, బడ్జెట్ మీద ప్రశ్నించడం, స్థాయీ సంఘంలో అధికారులను నిలదీయడం. మన ఓటరు ఎంపీని కూడా సిమెంటు రోడ్డు అడుగుతున్నాడు. 1993లో ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధుల పథకం) వచ్చాక ఇది ఇంకా ముదిరింది. ఏడాదికి 5 కోట్లు చేతిలో పెట్టి కమ్యూనిటీ హాళ్లు కట్టించే మనిషిగా మార్చేశాం. జడ్పీ అనుభవం ఉన్నవాళ్లనే పంపితే ఈ రోగం ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

గౌతమి ఒడ్డు:

జడ్పీ అంటే రోడ్లు, బోర్లు మాత్రమే అనుకుంటే అది సర్వసభ్య సమావేశం చూడనివాళ్ల మాట. నేను చాలా సమావేశాలు విలేకరుల బెంచీ మీద కూర్చుని చూశాను. హాలు నిండా అన్ని పార్టీల సభ్యులూ ఉంటారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా వచ్చి కూర్చుంటారు. కలెక్టర్ ఒక పక్క, సీఈవో ఒక పక్క. గ్రామీణ నీటి సరఫరా మీద చర్చ మొదలవగానే ఒక సభ్యుడు సంచీలోంచి బురద నీళ్ల సీసా తీసి టేబుల్ మీద పెడతాడు. "ఇవి మీరు తాగుతారా?" అని ఇంజినీరును అడుగుతాడు. ఆయన ఫైలు తిరగేస్తూ "సమాచారం తెప్పించుకుని చెబుతామండీ" అంటాడు. వెనక నుంచి కేకలు. అవతలి పార్టీవాళ్లు పోడియం దగ్గరికి వస్తారు. వాకౌట్ అంటారు. అప్పుడు చైర్మన్ ఎవరికి మైకు ఇస్తాడు, ఎవరిని కూర్చోమంటాడు, ఆ ఇంజినీరు చేత తేదీతో సహా జవాబు చెప్పిస్తాడా లేదా అన్నదే అసలు పరీక్ష. సొంత పార్టీవాడు అల్లరి చేస్తే ఆపగలిగాడా అన్నది ఇంకా పెద్ద పరీక్ష.

స్పీకర్ చేసే పని ఇదే కదండీ. ఎమ్మెల్యేగా ఇరవై ఏళ్లున్నా కూర్చుని మాట్లాడటం వస్తుంది గానీ సభను నడపడం రాదు. బాలయోగి గారు 46 ఏళ్ల వయసులో, అది కూడా రెండోసారి ఎంపీగా, లోక్‌సభను నడపగలిగారంటే ఆ తర్ఫీదు కాకినాడ జడ్పీ హాల్లోదే అని నేను గట్టిగా నమ్ముతాను.

రాజ్యాంగం చదివినవాడు:

అయితే 1999 ఏప్రిల్ 17 సంగతి మాట్లాడుకుందాం. వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కోరాపుట్ ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయొచ్చా లేదా అన్నది బాలయోగి గారు గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. చట్టం ప్రకారం అది తప్పు కాదు. గమాంగ్ ఇంకా ఎమ్మెల్యే కాలేదు, రాజీనామా చేయనంతవరకు ఎంపీయే. కానీ ఆ నిర్ణయానికి కావలసింది రాజ్యాంగ పరిజ్ఞానం. అది లా డిగ్రీ నుంచి, మేజిస్ట్రేట్ ఉద్యోగం నుంచి వచ్చింది. జడ్పీ నుంచి కాదు.

గౌతమి ఒడ్డు:

పరిజ్ఞానం చదువుతో వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు ఆయన పార్టీ టీడీపీ వాజ్‌పేయి వైపు ఓటు వేసింది. స్పీకర్ మాత్రం తమ పక్షానికి లాభం కలిగేలా సభ్యుడి ఓటు తీసేయలేదు. ఆ నిబ్బరం డిగ్రీతో రాదు.

మాజీ సర్పంచ్, కరీంనగర్ వైపు:

అన్నా, మీరిద్దరూ స్పీకర్ల గురించి మాట్లాడుతున్నరు. నేను కింది నుంచి చెప్తా.

సర్పంచ్ అంటే ఏందో తెల్వాలంటే ఎండాకాలం రాత్రి బోరు మోటార్ కాలిపోయినప్పుడు మా ఇంటి ముందుకు రావాలె. తెల్లారేసరికి బిందెలు పట్టుకుని ఆడోళ్లు గేటు కాడ నిలబడతరు. మెకానిక్ వైండింగ్‌కు అడ్వాన్స్ అడుగుతడు. పంచాయతీ ఖాతాల పైసలు ఉన్నా చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకం కావాలె, 2018 పంచాయతీరాజ్ చట్టం అట్ల పెట్టింది. ఉప సర్పంచ్ అవతలి గ్రూపు. జేబుల నుంచి పెట్టి మోటార్ దింపించిన, ఆ బిల్లు పాస్ కావడానికి నెలలు పట్టింది. చేసిన పనికి బిల్లు రాక అప్పులపాలైన సర్పంచ్‌లు మా మండలంల ఇంకా ఉన్నరు.

గిదంతా చూసినోడు పార్లమెంటుల ఆర్థిక సంఘం నిధుల మీద మాట్లాడితే వేరే ఉంటది. పైసలు ఢిల్లీల ఎప్పుడు బయలుదేరినయి, మధ్యల ఎక్కడ ఆగినయి అనేది ఆయన ఒంటికి తెలుసు.

పార్టీ ఏదైనా మా దిక్కు ఇద్దరిని చూడుర్రి. రేవంత్ రెడ్డి 2006ల మిడ్జిల్ జడ్పీటీసీ (మండలం నుంచి జడ్పీ మెంబరు)గా ఇండిపెండెంట్‌గా గెలిచిండు. తర్వాత ఏడాదికి స్థానిక సంస్థల ఓట్లతోనే ఎమ్మెల్సీ, అది కూడా ఇండిపెండెంట్‌గనే. 2009, 2014ల కొడంగల్ ఎమ్మెల్యే. 2018ల అక్కడ్నే ఓడిపోయి, కొన్ని నెలలకే మల్కాజిగిరి ఎంపీ. 30 లక్షల పైన ఓటర్లున్న సీటు అది. బండి సంజయ్ కరీంనగర్ల కార్పొరేటర్. 2014ల, 2018ల ఎమ్మెల్యేగా ఓడిపోయి 2019ల ఎంపీ అయిండు, ఇప్పుడు కేంద్రంల సహాయ మంత్రి. ఇద్దరూ అసెంబ్లీకి ఓడిన ఆర్నెల్ల లోపల్నే లోక్‌సభకు గెలిచిన్రు. డివిజన్ల, మండలంల చేసుకున్న పరిచయాలు ఓడినప్పుడు అక్కరకొస్తయి. పైనుంచి దిగినోడు ఓడిపోతే మళ్ల ఊర్ల కనబడడు.

విజయనగరం అమ్మాయి:

మీ ముగ్గురూ మగవాళ్ల కథలే చెప్పారు, అందుకే రాస్తున్నాను.

కింది పదవి చేసినవాళ్లకే ఎంపీ టికెట్ అంటే లెక్క ప్రకారం ఆడవాళ్లకు లాభం కావాలి. స్థానిక సంస్థల్లో మనకు సగం సీట్లు. ఊళ్లలో, మండలాల్లో వేలమంది ఆడవాళ్లు గెలిచారు. మరి 2024 లోక్‌సభలో ఎంతమంది? 543లో 74. మధ్యలో వీళ్లంతా ఏమయ్యారు?

రొటేషనే కారణం. ఈసారి మహిళకు రిజర్వ్ అయిన పంచాయతీ మరోసారి జనరల్ అవుతుంది. ఆమె పని నేర్చుకునేసరికి సీటు మారిపోతుంది. తర్వాత పోటీ చేసేది ఆమె భర్తో, మరిదో. ఎంపీపీగానో జడ్పీటీసీగానో పార్టీ ఆమెను పైకి తీసుకెళ్లదు. ఆమె సంతకం పెట్టిన రోజుల్లో కూడా ఆఫీసులో కుర్చీ వేసేది భర్తకే.

మా జిల్లాలో బొత్స ఝాన్సీ లక్ష్మి గారు జడ్పీ చైర్‌పర్సన్ చేసి, 2006 ఉప ఎన్నికలో బొబ్బిలి ఎంపీ, 2009లో విజయనగరం ఎంపీ అయ్యారు. ఆమె చదువుకున్నావిడ, పని తెలిసినావిడ. అయినా అప్పటికే భర్త రాష్ట్ర మంత్రి. ఇంట్లో మంత్రి లేని జడ్పీ చైర్‌పర్సన్‌కు ఆ టికెట్ వచ్చేదా? మీరే చెప్పండి.

2023లో చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లని చట్టం చేశారు, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అన్నారు. ఆ సీట్లు వచ్చిన రోజున పార్టీలు ఎవరిని వెతుకుతాయి? నాయకుల ఇళ్లలోని ఆడవాళ్లనా, రెండు టర్ములు సర్పంచ్ చేసినవాళ్లనా? ఆ రోజు కోసమైనా గౌతమి ఒడ్డు గారి మాట నాకు కావాలి. కానీ రొటేషన్ సంగతి తేల్చకుండా ఆ రూలు పెడితే లాభపడేది మళ్లీ మగవాళ్లే.

రాజ్యాంగం చదివినవాడు:

ఈ పాయింటు నన్ను ఆలోచింపజేసింది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో ఎంపీ ఓటు పార్టీ విప్ (ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం) చేతిలోకి పోయింది. బోరు మోటార్ తెలిసినా, రాజ్యాంగం తెలిసినా విప్ వస్తే చేయి ఎత్తాల్సిందే. కింది పదవి అనుభవం తప్పనిసరి చేయాలంటే ఈ చట్టాన్ని ముందు సవరించాలి. ప్రభుత్వం పడిపోయే ఓట్లకు తప్ప మిగతావాటికి విప్ ఉండకూడదు. అప్పుడు మాజీ సర్పంచ్ గారి అనుభవం సభలో వినిపిస్తుంది.

మాజీ సర్పంచ్, కరీంనగర్ వైపు:

విప్ సంగతి సరే సార్. అసలు కింది ఎన్నికలే టైముకు పెట్టకపోతే అనుభవం ఎక్కడికెళ్లి వస్తది? ఆంధ్రల 2018 ఆగస్టుల పంచాయతీల గడువు అయిపోతే ఎన్నికలు 2021 ఫిబ్రవరిల జరిగినయి. మా తెలంగాణల 2024 ఫిబ్రవరి ఒకటిన మా పదవులు దిగిపోయినయి, స్పెషల్ ఆఫీసర్లు కూర్చున్నరు. అయిదేండ్లకోసారి తప్పకుండా ఎన్నికలని 73వ సవరణ చెప్తది. లోక్‌సభ ఎన్నిక గట్ల వాయిదా వేస్తరా?

గౌతమి ఒడ్డు:

అందుకే నా ప్రతిపాదనకు ఒకటి కలుపుతున్నాను. గడువులోగా స్థానిక ఎన్నికలు జరపని రాష్ట్రానికి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆపుతున్నారు, దానివల్ల నష్టపోయేది ఊరే. ఊరి డబ్బు ఆపకుండా, ఆ ఎన్నికల బాధ్యతంతా తేదీలతో సహా రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలోనే పెట్టాలి. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు కూడా ప్రభుత్వం దగ్గర ఉండకూడదు. వాయిదాలన్నీ అక్కడే పుడుతున్నాయి. విజయనగరం అమ్మాయి గారు చెప్పిన రొటేషన్ కూడా ఆ సంఘమే కనీసం రెండు టర్ములకు ఖరారు చేయాలి. దీనికి ఎవరైనా ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి.