అప్‌డేట్: మెంతి క్యాప్సూల్స్ గురించి డాక్టర్‌ గారిని అడిగాను

ట్రాన్స్ మహిళగా ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్ హార్మోన్), స్పైరోనోలాక్టోన్ (మగ హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర) వాడుతున్నాను, వాటితో పాటు మెంతి క్యాప్సూల్స్, ప్యూరేరియా మిరిఫికా అనే మొక్క క్యాప్సూల్స్ వేసుకుంటే రొమ్ములు ఇంకా పెరుగుతాయా అని ఇంతకుముందు అడిగాను కదా. జవాబిచ్చిన అక్కలందరికీ థ్యాంక్స్. మొన్న ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి డబ్బాలు పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టేశాను.

మేడమ్ ఒక్కో లేబుల్ తిప్పి చదివారు. మొక్కల్లోని ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు మామూలుగా మన మందుకంటే చాలా బలహీనమట. వాటితో రొమ్ములు పెరుగుతాయని గట్టి రుజువూ లేదట. పైగా కొన్ని డబ్బాల మీద మోతాదే రాసి లేదు! రెండూ పక్కన పెట్టించారు. కూరలో మెంతులు మాత్రం హాయిగా తినమన్నారు.

నాకు అసలు తెలియనిది పొటాషియం సంగతి. స్పైరోనోలాక్టోన్ ఒంట్లో పొటాషియం పెంచుతుంది కాబట్టి రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటున్నా, లో సోడియం ఉప్పు వాడుతున్నా డాక్టర్‌కి చెప్పాలి. ఆ ఉప్పులో మామూలు ఉప్పు కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మా ఇంట్లో అదే వాడతాం, వెంటనే మార్చేశాం.

జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వేసుకునేవాళ్లు కూడా రక్తపరీక్షకు ముందే డాక్టర్‌కి చెప్పండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో దానివల్ల హార్మోన్ రిపోర్టు తప్పుగా రావచ్చు. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు.

హార్మోన్ మందులతో రొమ్ముల ఎదుగుదల సాధారణంగా 3-6 నెలల్లో మొదలై, పూర్తవడానికి 2-3 ఏళ్లు పడుతుందట. అది విన్నాక నా టెన్షన్ చాలా తగ్గింది. పొటాషియం పరీక్షకు రక్తం ఇచ్చాను, రిపోర్టు రాగానే పెడతాను.